అమ్మ నింపిన 34 ప్రశ్నల ఫారం: ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ తప్పింది

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకి పదమూడు నెలలైంది. ఈ మధ్య ఆమె చేత ఒకే ఫారం రెండుసార్లు, రెండు వేర్వేరు చోట్ల నింపించారు. దాని పేరు సపోర్టివ్ కేర్ నీడ్స్ సర్వే. ఆస్ట్రేలియాలో తయారుచేశారు. అసలు రూపంలో 59 ప్రశ్నలుంటాయి, మాకిచ్చింది 34 ప్రశ్నల చిన్న రూపం. ఇంట్లో ముదిరిన క్యాన్సర్‌తో మనిషి ఉన్నవాళ్ళకి ఈ కాగితం చేతికొస్తే కాస్త ముందే తెలిసి ఉంటుందని రాస్తున్నాను.

నొప్పి ఎంత ఉందని ఇందులో అడగరు. గత నెల రోజుల్లో నొప్పి విషయంలో మీకు సాయం ఎంత అవసరమైందని అడుగుతారు. 1 అంటే ఆ సమస్యే లేదు. 2 అంటే అవసరం పడింది, కావలసిన సాయం అందింది. 3, 4, 5 అంటే ఇంకా సాయం కావాలి: కొద్దిగా, ఓ మోస్తరుగా, చాలా.

అమ్మ నొప్పికి 2 పెట్టింది. నేను ఆశ్చర్యపోయాను. మాత్రల వేళకి ఫోన్‌లో అలారాలు, నొప్పి రాసుకునే డైరీ, పొద్దున లేస్తే "నొప్పి ఎలా ఉందమ్మా?" అన్న మాట, నా ధ్యాసంతా దాని మీదే ఉండేది. ఇంకాస్త కిందికొచ్చాక ఒక ప్రశ్న ఉంది: మీ దగ్గరివాళ్ళు పడుతున్న దిగులు గురించి మీకున్న ఆందోళన. అక్కడ పెన్సిల్ ఆగింది. అమ్మ నా వైపు ఒకసారి చూసి, 5 చుట్టూ సున్నా చుట్టి, దాని మీదే మళ్ళీ దిద్దింది. "రాత్రిళ్ళు నిద్రపోయినట్టు పడుకుంటున్నానే, నేను మెలకువగా ఉంటే నువ్వూ పడుకోవని" అంది. నేను పక్క మంచం మీదే పడుకుంటాను. నాకు తెలియనే తెలియదు.

ఇది మొదటిసారి, ఒక ఆసుపత్రి ఓపీలో బెంచీ మీద కూర్చుని నింపినప్పటి మాట. కాగితం తీసుకుని ఫైల్లో పెట్టారు. మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్తే డాక్టరు గారు ఫైలు తిరగేశారు, ఆ కాగితం కూడా మిగతా వాటితో పాటు తిరిగిపోయింది. ఎవరూ ఒక్క మాట అడగలేదు. బయటికొచ్చాక అమ్మ "మరి ఎందుకు రాయించుకున్నట్టు?" అంది. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

రెండోసారి ఇంటికొచ్చే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధలు తగ్గించే వైద్యం) నర్సు తెచ్చారు. అదే ఫారం. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న చదివారు. 4 గానీ 5 గానీ వస్తే పెన్సిల్ పక్కన పెట్టి, "దీనికి ఏం చేస్తే మీకు బాగుంటుందండీ?" అని అడిగారు. ఇరవయ్యో ప్రశ్నకి అమ్మ అలిసిపోతే మిగతాది మర్నాడు. జబ్బు గురించి అన్నీ మాట్లాడటానికి ఆసుపత్రిలో ఒక మనిషి ఉండటం అన్న ప్రశ్నకి అమ్మ 5 చెప్పింది. వెళ్ళేముందు ఆవిడ ఒక ఫోన్ నంబరు రాసి మంచం తలవైపు గోడకి అంటించారు. ఆ దిగులు ప్రశ్న కోసం తర్వాతి వారం కౌన్సెలర్‌ని తీసుకొచ్చి మా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు. ఇప్పుడు అమ్మ నిద్ర పట్టకపోతే నన్ను పిలుస్తుంది.

ఫారంలో లోపాలు లేవనను. జబ్బు తగ్గుముఖం పట్టిందన్న సమాచారం కావాలా, కోలుకోవడానికి మీరేం చేసుకోవచ్చో చెప్పాలా అని అడుగుతుంది. ఇక నయం కాదని చెప్పించుకున్న మనిషిని! అమ్మ "ఇది నాకేనా అమ్మా?" అంది, నర్సు ఆ రెండూ వదిలేశారు. డబ్బు ఇబ్బంది గురించి ప్రశ్నే లేదు. ఆయాసం లేదు, మలబద్ధకం లేదు. గట్టి నొప్పి మందైన మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టాలి, ఎందుకంటే ఒళ్ళు మార్ఫిన్‌కి అలవాటుపడ్డా ఈ ఒక్క బాధ తగ్గదు. మాకు ఆ మందు ఎవరూ ఇవ్వలేదు. నర్సు విడిగా అడిగారు కాబట్టి బయటపడింది. ముదిరిన క్యాన్సర్ కోసమే చేసిన 132 ప్రశ్నల ఫారం ఒకటి ఉంది గానీ, అమ్మలాంటి వాళ్ళు అంతసేపు కూర్చోలేరు.

నెల రోజులది ఒకేసారి అడగడం కూడా ఈ దశలో కుదరదు. అమ్మకి మొన్న ఉన్నట్టు నిన్న లేదు. అందుకే నర్సు వచ్చినప్పుడల్లా ఎడ్మంటన్ స్కేలు వాడతారు. తొమ్మిది బాధలకి 0 నుంచి 10 దాకా అంకెలు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద ఫారం ఎప్పుడైనా ఒకసారి చాలు.

ఇంకొకటి. దాంపత్యం గురించి మూడు ప్రశ్నలున్నాయి. ఓపీలో నేను పక్కనే ఉన్నందుకు అమ్మ మూడింటికీ 1 పెట్టేసింది. నర్సు మాత్రం అవి రాగానే నన్ను నీళ్ళు తెమ్మని పంపి తలుపు దగ్గరికి వేశారు. అమ్మ ఏం చెప్పిందో నేను అడగలేదు.

అలా కూర్చుని అడిగే మనిషి ఉంటే ఐదుకి నాలుగు ఇస్తాను. ఒట్టి కాగితానికి రెండు. మీకు ఇస్తే, నింపకముందే ఇది ఎవరు చదువుతారు, ఎన్ని రోజుల్లో మాట్లాడతారు అని అడగండి. నింపాక ఫొటో తీసుకోండి. మా మొదటి కాగితం ఫొటో నా ఫోన్‌లో ఉండబట్టే నర్సుకి ఆ దిద్దిన 5 చూపించగలిగాను.