విశాఖ–హైదరాబాద్ విమానం: టికెట్టు చెప్పే గంట, ప్రయాణికుడికి పట్టే పూట

ఉద్యోగరీత్యా ఏళ్ల తరబడి ఈ మార్గంలో తిరుగుతున్నాను కనుక, కొత్తగా టికెట్టు కొనేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా కొలిస్తే దూరం సుమారు 510 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున వెళితే 620 పైచిలుకు, వరంగల్ మీదుగా సికింద్రాబాద్‌కు రైలు మార్గం దాదాపు 700 కిలోమీటర్లు ఉంటుంది. జెట్ విమానం గాలిలో ఉండేది ఇంచుమించు గంటసేపే అయినా, విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగి తలుపు తెరిచేదాకా లెక్కగట్టి, టికెట్టు మీద గంటా పది నుంచి గంటా ఇరవై నిమిషాల దాకా వేస్తారు. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం వేగం గంటకు 500 కిలోమీటర్ల ప్రాంతం కాబట్టి దానికి మరికొంత సమయం పడుతుంది.

శీతాకాలంలో పై ఎత్తుల్లో పడమటి గాలులు బలంగా వీచడం వల్ల తిరుగు ప్రయాణంలో కొద్ది నిమిషాలు కలిసివస్తాయి. అయితే విమానం తరచు ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, రేవు వైపు నుంచి దిగుతుంది కనుక ఆ లాభం నిలవదు. కిటికీ పక్కన కూర్చున్నవారు దీన్ని నష్టంగా భావించరనుకోండి. పైగా మన రన్‌వే నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా వైమానిక స్థావరానిది కాబట్టి వారి అవసరాలను బట్టి పౌర విమానాలు ఆగవలసి రావచ్చు.

అసలు సమయం హరించుకుపోయేది నేల మీదే. ఎన్ఏడీ కూడలి దాటితే మన విమానాశ్రయం వచ్చేస్తుంది, కానీ చెక్-ఇన్ కౌంటరు గంట ముందే మూసేస్తారు కనుక ఎంవీపీ కాలనీ నుంచి రెండున్నర గంటల ముందు బయలుదేరకపోతే నాకు నిశ్చింత ఉండదు. అవతల శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ దాదాపు 40 కిలోమీటర్లు. సాయంత్రం రద్దీలో పుష్పక్ బస్సు ఎక్కినా, క్యాబ్ పిలిచినా గంటన్నర పట్టడం మామూలే. వెరసి ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి అయిదు గంటలు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్ నడిబొడ్డున దింపుతుంది కాబట్టి, విమానంతో నిజంగా మిగిలేది మూడు నాలుగు గంటలు మాత్రమే.

అందుకే పని గచ్చిబౌలి వైపు ఉంటే, ఔటర్ రింగ్ రోడ్డు చేతిలో ఉంది కనుక, విమానాన్నే ఎంచుకుంటాను. సికింద్రాబాద్‌లో అయితే రాత్రి రైలుకే నా ఓటు, ఎందుకంటే పన్నెండు గంటలు పట్టినా అందులో ఎక్కువ భాగం నిద్రలోనే గడిచిపోతుంది. పౌర విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే విజయనగరం, శ్రీకాకుళం వాసులకు మేలే గాని, గాజువాక, అనకాపల్లి వారికి నేల ప్రయాణం మరో గంటకు పైగా పెరుగుతుంది. అప్పుడు వారిలో చాలామంది రైలు వైపే మొగ్గుతారని నా అంచనా.