పళ్లు తెల్లబడతాయని బొగ్గు పొడి ఆర్డర్ పెడుతున్నారా? ఆగండి

ఫోన్ తెరిస్తే చాలు, నల్లటి పొడితో తోముకుని తెల్లగా నవ్వే ప్రకటన ఒకటి వస్తోంది కదా. "వారంలో మెరిసే పళ్లు, కెమికల్స్ లేవు, ఫ్లోరైడ్ లేదు, ఇక పేస్టుతో పనే లేదు" అంటారు. దయచేసి కొనకండి. పెళ్లి కుదిరిందని మా చెల్లి తెప్పించుకుంది. పేస్టు మానేసి రెండు పూటలా దాంతోనే తోమింది.

మొదట్లో పళ్లు నిజంగానే తెల్లబడ్డట్టు కనిపించాయి. అసలు మోసం అక్కడే ఉంది. పైనున్న టీ మరకలు గీరుకుపోతే ఎవరి పళ్లైనా తెల్లగానే కనిపిస్తాయి. తర్వాత చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనడం మొదలైంది. చిగుళ్ల అంచున సన్నటి నల్ల గీత పడింది, ఎంత పుక్కిలించినా పోలేదు. డెంటిస్టు అద్దం పెట్టి చూపించారు. పొడి రేణువులు చిగుళ్ల సందుల్లో ఇరుక్కున్నాయి, కోరపళ్ల మొదళ్ల దగ్గర ఎనామిల్ (పంటి మీదుండే గట్టి పొర) అరిగింది. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. దాని కిందుండే డెంటిన్ సహజంగానే పసుపు, అంటే ఎంత గీకితే అంత పసుపు బయటపడుతుంది!

డబ్బా తిప్పి చూస్తే బ్యాచ్ నంబరు లేదు, తయారీదారు చిరునామా లేదు, లైసెన్స్ నంబరు లేదు. మన దేశంలో టూత్‌పేస్టు, పళ్లపొడి కాస్మెటిక్స్ కిందికి వస్తాయి కాబట్టి ఇవన్నీ లేబుల్ మీద ఉండాల్సిందే. ఆయుర్వేదం అని రాసుకున్నా దానికీ లైసెన్స్ ఉంటుంది. ధర స్టిక్కర్‌ను గోటితో లేపితే కింద ఇంకో ధర, ఇంకో పేరు!

"ఫ్లోరైడ్ లేదు" అనే మాట మన దగ్గర ఎందుకు అమ్ముడుపోతుందో తెలిసిందే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన వాళ్లను చూసిన జనం మనం. కానీ అది ఏళ్ల తరబడి తాగిన నీళ్ల సంగతి. పేస్టును ఉమ్మేస్తాం. అందులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) దాటకూడదని, ఎంత ఉందో ట్యూబు మీద వేయాలని నిబంధన ఉంది. పళ్లు పుచ్చకుండా కాపాడేది ఆ ఫ్లోరైడే. పిల్లలు మింగేస్తారు కాబట్టి మూడేళ్ల లోపు వాళ్లకు బియ్యపు గింజంత పేస్టు చాలు.

డాక్టర్ గారు చెప్పినవన్నీ పైసా ఖర్చు లేని పనులే. మెత్తటి బ్రష్‌ను చిగుళ్ల అంచుకు ఏటవాలుగా పెట్టి, పొద్దునా రాత్రీ రెండేసి నిమిషాలు మెల్లగా తోమాలి. నురగ ఉమ్మేసి వదిలేయాలి, చెంబుడు నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా పోతుంది. నిమ్మరసం లాంటివి తాగితే అరగంట ఆగి తోమాలి. పొద్దున ఒక్కపూట హడావుడిలో మానినా రాత్రి మాత్రం మానొద్దన్నారు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుందట.

ఇక డబ్బుల సంగతి. "సీల్ తీశారు, రిటర్న్ లేదు" అని ఆ అమ్మకందారు బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. ఆన్‌లైన్ అమ్మకాల సైటు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలని, నెలలో తేల్చాలని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే వాడటం ఆపేయండి, పారేయడం మాత్రం వద్దు. లేబుల్‌కు నాలుగు వైపులా ఫోటోలు తీసి, బిల్లుతో పాటు ఫిర్యాదుకు జతచేయండి.