ఒకవైపు లింకా, రెండువైపుల లింకా?

కావలిలో ఎవరో పెన్నా గురించి పేజీ రాసి, అందులో సోమశిల ప్రాజెక్టు పేజీకి లింకు ఇచ్చారనుకోండి. సోమశిల పేజీ చదివేవాళ్లకు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే 1989లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌లో లింకు ఒకవైపే పోతుంది.

హైపర్‌టెక్స్ట్ (లింకులతో ఒకదానికొకటి కలిసిన రాతలు) అనే మాటను 1965లో వాడుకలోకి తెచ్చిన టెడ్ నెల్సన్ అడిగింది వేరు. లింకు రెండువైపులా కనబడాలి, ఎత్తి రాసిన ముక్క తన మూలానికి అతుక్కునే ఉండాలి. చదివేవాడిగా నాకు ఇదే నచ్చుతుంది: ఈ మాటను ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు కాదన్నారు అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది, వెతుకులాట ఉండదు.

కానీ ఇలాంటి లింకులతోనే 1960లో మొదలైన ఆయన జనాడు ప్రాజెక్టు జనంలోకి రాలేదు, వెబ్ వచ్చేసింది. వెబ్‌లో లింకు ఇవ్వడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అవతలి పేజీ ఎగిరిపోయినా మనది నడుస్తూనే ఉంటుంది, నొక్కినవాడికి 404, అంటే ‘పేజీ దొరకలేదు’ అన్న సందేశం కనబడుతుంది, అంతే. (చిరాకే అనుకోండి.)

తెలుగు వికీపీడియాలో ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ నొక్కితే నెల్సన్ కోరినదాంట్లో కొంత దొరుకుతుంది, అదీ వికీ లోపలి లింకుల వరకే.