ఎటో జెర్సీల్లో ఏది కొనదగ్గది: చేతుల్లేని కామెరూన్ నుంచి ఇంటర్ చారల దాకా

కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు సామ్యూల్ ఎటో పేరున్న పాత జెర్సీ కావాలనుకునేవాళ్లు నేరుగా అతను ఆడిన స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా 9వ నంబరు కోసం వెతుకుతారు. దొరకడం తేలిక, చూడగానే గుర్తుపడతారు. కానీ అతని జెర్సీల్లో ఒక్కటే కొనాలంటే కొనాల్సింది ప్యూమా తయారుచేసిన 2002 కామెరూన్ ఆకుపచ్చ జెర్సీ. దానికి చేతులుండవు, చూస్తే అచ్చం బనియనే.

ఆ ఏడాది మాలీలో జరిగిన ఆఫ్రికా కప్పును కామెరూన్ ఈ జెర్సీతోనే గెలిచింది. బమాకోలో సెనెగల్‌తో ఫైనల్ 0-0గా ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. కొన్ని నెలల తర్వాత జపాన్, కొరియాల్లో ప్రపంచ కప్పు. చేతుల్లేని చొక్కా కుదరదని ఫీఫా తేల్చి చెప్పడంతో అదే జెర్సీకి నల్ల చేతులు తగిలించి ఆడారు. సౌదీ అరేబియా మీద 1-0తో గెలిచిన మ్యాచ్‌లో ఎటో గోల్ కొట్టింది ఆ నల్ల చేతుల జెర్సీలోనే. అంటే మార్కెట్లో ఈ జెర్సీ రెండు రూపాల్లో కనిపిస్తుంది, రెండూ అసలువే. అయితే చేతుల్లేనిదాని మీద ప్రపంచ కప్పు బ్యాడ్జీ కుట్టి అమ్ముతుంటే మాత్రం ఎవరో తర్వాత అతికించారన్నమాట. ఆ టోర్నీలో చేతుల్లేకుండా ఎవరూ ఆడలేదు.

వేసుకోవడానికి కూడా బాగుంటుంది. చంక దగ్గర కుట్టు ఒరుసుకోదు, మన ఎండలకు సరిగ్గా సరిపోతుంది. ఒక ఇబ్బంది ఏమిటంటే చంక కోత పెద్దది కావడంతో వదులు సైజు తీసుకుంటే పక్కనుంచి ఒళ్లు కనిపిస్తుంది. అందుకని లేబుల్ మీది అక్షరాన్ని నమ్మకుండా జెర్సీని పరిచి చంక నుంచి చంకకు కొలిపించుకోవాలి. మీ ఛాతీ చుట్టుకొలత 40 అంగుళాలైతే ఆ వెడల్పు 21 నుంచి 22 మధ్య ఉండాలి.

2004 ట్యునీషియా ఆఫ్రికా కప్పుకు ప్యూమా ఇంకో అడుగు వేసింది. చొక్కా, నిక్కరు కలిపి కుట్టేసిన ఒకే వస్త్రం, ఒంటికి అంటుకుపోయేలా. పక్కల సింహం గోళ్లతో చీరినట్టు గీతలు. ప్రత్యర్థి చొక్కా పట్టుకు లాగకూడదన్నది ఉద్దేశం, ఆ పని చేసింది కూడా. కానీ వాడకంలో తలనొప్పే. చొక్కాకు నెత్తురంటితే మార్చుకోకుండా ఆట కొనసాగించనివ్వరు. విడి చొక్కా అయితే క్షణాల్లో మారుతుంది, ఇక్కడేమో మొత్తం విప్పాలి. మ్యాచ్ అయ్యాక ప్రత్యర్థితో చొక్కా మార్చుకునే మర్యాదా కుదరదు. ఫీఫా వద్దన్నా క్వార్టర్ ఫైనల్లో నైజీరియా మీద ఇదే వేసుకుని దిగారు. ఎటో మొదటి గోల్ కొట్టినా 2-1తో ఓడారు. ఏప్రిల్‌లో జరిమానాతో పాటు 2006 ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ఆరు పాయింట్ల కోత పడింది. ప్యూమా కోర్టుకెక్కింది. మే నెలలో పారిస్ సమావేశంలో ఫీఫా ఆ పాయింట్లు తిరిగిచ్చింది. ఇంత జరిగినా కామెరూన్ ఒక్క పాయింటు తేడాతో ఐవరీ కోస్ట్ వెనక ఆగిపోయింది! ఈ వస్త్రం దొరికితే గోడకు తగిలించుకోండి, ఒంటికి మాత్రం వద్దు.

ఇక బార్సిలోనా. నకిలీలు ఎక్కువ ఇక్కడే. 2005-06లో ఎటో 26 గోల్స్‌తో స్పానిష్ లీగ్ టాప్ స్కోరర్, పారిస్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్లో ఆర్సెనల్ మీద 76వ నిమిషంలో స్కోరు సమం చేసిందీ అతనే. ఆ సీజన్ జెర్సీ ఛాతీ మీద ఏ పేరూ ఉండదు. యునిసెఫ్ పేరు వచ్చింది 2006-07 నుంచి. కాబట్టి "పారిస్ ఫైనల్ జెర్సీ" అంటూ యునిసెఫ్ ఉన్నది చూపిస్తే బేరం కూడా ఆడక్కర్లేదు. అదే పోటీ 2009 రోమ్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద పదో నిమిషంలో గోల్ కొట్టినప్పటి జెర్సీకి మాత్రం యునిసెఫ్ ఉండాలి, సన్న చారలు కాకుండా సగం ఎరుపు, సగం నీలం ఉండాలి. పేరూ చూడండి: ఇంగ్లిష్ అక్షరాల్లో చివరి రెండు ఓల మధ్య పైన చిన్న కామా గుర్తు ఉంటుంది. అది లేకపోతే ముద్ర వేసినవాడికి ఆటగాడెవరో తెలియదు.

బార్సిలోనా తర్వాత ఎటో ఆడిన ఇటలీ క్లబ్బు ఇంటర్ జెర్సీకి ఇంకా విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. 2009-10లో కోచ్ మొరీన్యో అతన్ని మధ్య నుంచి పక్కకు జరిపాడు. బార్సిలోనా మైదానం కాంప్ నౌలో సహచరుడు మోటా రెడ్ కార్డుతో వెళ్లిపోయాక ఎటో దాదాపు ఫుల్ బ్యాక్‌లా (పక్క రక్షకుడిలా) ఆడాడు. ఆ ఏడు మూడు ట్రోఫీలు. మరుసటి ఏడు ముందుకొచ్చి 37 గోల్స్ కొట్టాడు. రెండు సీజన్లలోనూ నంబరు 9, ఛాతీ మీద స్పాన్సర్ పిరెల్లీ పేరు. తేడా తెలుసుకోవడం సులువే: 2009-10 జెర్సీ మీద లీగ్ విజేతల మూడు రంగుల డాలు ఒక్కటే ఉంటుంది, 2010-11లో దాని పక్కన ఇటలీ కప్పు గుండ్రటి గుర్తు కూడా చేరింది. అమ్మేవాళ్లే వీటిని తరచూ తారుమారు చేస్తారు.

ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీలో అతను వేసుకున్న 29వ నంబరు జెర్సీ చౌకగా వస్తేనే తీసుకోండి.

ఏది కొన్నా పాడయ్యేది గుడ్డ కాదు, నంబరే. పాలిస్టర్ సాగుతుంది, దాని మీది ప్లాస్టిక్ పొర ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి సాగడం మానేస్తుంది, దాంతో పగుళ్లు. లోపలివైపు బయటికి తిప్పి చన్నీళ్లలో చేత్తో ఉతకాలి. నానబెట్టొద్దు, బ్రష్షు వద్దు, పిండొద్దు, నీడలో ఆరేయాలి, ముద్ర మీద ఇస్త్రీ పెట్టె పెట్టనే పెట్టకూడదు. మడత పెడితే వేసవిలో నంబరుకి నంబరు అంటుకుంటుంది, మధ్యలో బటర్ పేపర్ వేయండి. కలరా ఉండలు ముద్రకు తగలనివ్వొద్దు. అప్పటికే నంబరు అంచు లేచిన జెర్సీ అయితే ధర తగ్గించమని గట్టిగా అడగండి, ఎందుకంటే ఇంట్లో ఇస్త్రీతో మళ్లీ అతికిస్తే పొర ముడుచుకుపోతుంది, ఆ తర్వాత దాన్ని బాగుచేయడం కష్టం.