రెండు పెడళ్లు చూసి ఆటోమేటిక్ అని నమ్మకండి: స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకు హెచ్చరిక

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లు వెతికేవాళ్లలో ఆ సెల్లర్ తెలియనివాళ్లు తక్కువ. పేరు రాయను. ఫొటోల్లో కార్లన్నీ తళతళలాడుతుంటాయి, ప్రతి ప్రకటన కింద "షోరూమ్ కండిషన్" అని ఉంటుంది, ఆయనే అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆయన దగ్గర నేను కొన్న కారు ఇప్పుడు గేర్ బాక్స్ దించేసి లిఫ్టు మీద ఉంది. కోపం చల్లారాక రాస్తే ఇంకాస్త మర్యాదగా రాయగలనేమో. కానీ ఈలోపు ఇంకెవరో అడ్వాన్సు ఇచ్చేస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. ఒకే మోడల్, ఒకే ఇంజిన్, ఇంచుమించు ఒకే వయసున్న రెండు కార్లు ఆయన దగ్గర ఉన్నాయి. ఒకటి మాన్యువల్. రెండోది క్లచ్ పెడల్ లేకుండా స్టీరింగ్ వెనక ప్యాడిళ్లు, అంటే వేళ్లతో లాగి గేరు మార్చే రెక్కలు, ఉన్నది. నేను వెళ్లింది మాన్యువల్ కోసం. ఆయన దాని తాళాలు కూడా తియ్యలేదు. "ఇప్పుడు మాన్యువల్ ఎవరు కొంటున్నారు సార్, కంపెనీలే మానేశాయి. ఇది డ్యూయల్ క్లచ్. ట్రాఫిక్‌లో ఆటోమేటిక్‌లా హాయిగా పోతుంది, రోడ్డు ఖాళీగా ఉంటే మాన్యువల్ కన్నా ఫాస్ట్" అన్నాడు. ఆ మాటల్లో ఆ కారుకు సంబంధించినంతవరకు నిజం ఒక్కటీ లేదు.

కంపెనీలు మానేశాయన్నది సగం మాట. ఫెరారీ, లంబోర్గిని మానేసిన మాట వాస్తవమే. కానీ పోర్షె 2013లో 911 జీటీ3ని క్లచ్ పెడల్ లేని తన పీడీకే గేర్ బాక్స్‌తో మాత్రమే తెచ్చి, మాన్యువల్ కావాలని కొనేవాళ్లు పట్టుబడితే 2017 జీటీ3లో మళ్లీ ఇచ్చింది. టొయోటా జీఆర్ సుప్రా 2019లో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తోనే వచ్చింది, 2022లో దానికీ మాన్యువల్ చేరింది. ఇక కంపెనీలు నిజంగా మానేసిన చోట పాత మాన్యువల్ ఫెరారీలకు, అదే మోడల్ ప్యాడిల్ కార్లకన్నా ఎక్కువ ధర పలుకుతోంది. కార్ల వ్యాపారంలో ఉన్న మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. ఆ మాన్యువల్ కారుకు కొనేవాడు ఎలాగూ దొరుకుతాడని తెలుసు. వదిలించుకోవాల్సింది రెండోదాన్ని.

అసలు మోసం "డ్యూయల్ క్లచ్" అన్న చోట ఉంది. క్లచ్ పెడల్ లేనంత మాత్రాన కార్లన్నీ ఒకటి కావు. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజినుకీ గేర్ బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అందులో ఆయిల్ ప్రవాహమే శక్తిని అందిస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర బ్రేక్ వదిలితే కారు మెల్లగా ముందుకు కదులుతుంది, అక్కడ అరిగిపోయే క్లచ్ ప్లేటు ఉండదు. డ్యూయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లుంటాయి, బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఇంకొకటి. మీరు మూడో గేరులో ఉండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది అందుకుంటుంది కాబట్టి గేరు మారినట్టే తెలియదు. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో ఇది మామూలు రోడ్డు కార్లలోకి వచ్చింది. 2007లో నిసాన్ జీటీ-ఆర్, 2008లో పోర్షె 911 దీన్ని తీసుకున్నాయి.

నాకు అంటగట్టింది మూడో రకం. ఒకటే క్లచ్. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్ బాక్సే, పెడల్ తొక్కే కాలి పనీ గేరు మార్చే చేతి పనీ హైడ్రాలిక్ పంపు, దాని ప్రెజర్‌తో కదిలే యాక్చుయేటర్ చేస్తాయి. 1997 ఫెరారీ ఎఫ్355 ఎఫ్1, బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో వచ్చిన ఎస్ఎంజీ, లంబోర్గిని గల్లార్డో ఈ-గేర్, ఇవన్నీ ఈ కోవవే. ఆ ఎం3 ఎస్ఎంజీలను ఇప్పుడు చాలామంది పెడల్ పెట్టించి మాన్యువల్‌గా మార్చుకుంటున్నారు, కారణం గేర్ బాక్స్ మూలం ఒకటే కావడం. కారు తయారైన సంవత్సరం చూసి రకం చెప్పేద్దామన్నా కుదరదు. చుట్టూ అందరూ డ్యూయల్ క్లచ్‌కి మారిపోయాక కూడా లంబోర్గిని అవెంటడార్ 2011 నుంచి 2022 దాకా ఒకే క్లచ్‌తో నడిచింది.

ఈ రకం గేర్ బాక్స్ చెడ్డదని నేననను. నిండా యాక్సిలరేటర్ తొక్కి ప్యాడిల్ లాగినప్పుడు వెన్నులో తగిలే ఆ దెబ్బ కోసమే దీన్ని వెతుక్కుని కొనేవాళ్లున్నారు, వాళ్ల ఇష్టం నాకు అర్థమవుతుంది. కానీ ట్రాఫిక్‌లో ఆటోమేటిక్‌లా వాడుకోండి అని దీన్ని అమ్మడం కొనేవాడిని తెలిసి గోతిలోకి తొయ్యడమే. అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో, ఎత్తు మీద బ్రేక్ వదిలి యాక్సిలరేటర్‌తో కారు ఆపి ఉంచినప్పుడు, రివర్స్‌లో మెల్లగా పార్క్ చేసేటప్పుడు క్లచ్ సగం పట్టీ పట్టక రాసుకుంటూ ఉంటుంది. మాన్యువల్‌లో ఆ సంగతి మీ ఎడమకాలికి తెలుస్తుంది, పట్టు ఎక్కడ మొదలవుతుందో, ఎంత పైకి జరిగిందో తెలుస్తుంది. ఇక్కడ కాలి కింద ఏమీ లేదు. వాసన వచ్చేదాకా తెలియదు.

సరే, కొనేముందు నేను క్లచ్ సంగతి అడిగాను. దానికి ఆయన చేసిన పని వల్లే ఈ పోస్టు.

కుర్రాడిని పిలిచి స్కానర్ తెప్పించాడు. కారుకి తగిలించి, స్క్రీన్ నా వైపు తిప్పి, క్లచ్ అరుగుదల శాతం చూపించాడు. దాదాపు కొత్తదన్నట్టు ఉంది అంకె. "మాట ఎందుకు సార్, మెషీన్ చెప్తోంది కదా" అన్నాడు. ఫొటో తీసుకోమని ఆయనే అన్నాడు, తీసుకున్నాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. టెస్ట్ డ్రైవ్‌కి కారు అప్పటికే స్టార్ట్ చేసి, వేడెక్కించి బయట పెట్టారు. చదునైన ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పించారు. రివర్స్ చేస్తానంటే "కుర్రాడు పెడతాడు లెండి" అని దింపేశారు. ఎత్తు ఎక్కి చూద్దామంటే ఆ దారి మూసేశారన్నారు. అప్పుడవి మర్యాదల్లా అనిపించాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ ఎందుకు చేశారో తెలుస్తోంది.

కొన్న కొద్దికాలానికే ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ముందు బండ్లు ఆగాయి. ఆగి మళ్లీ కదలబోతే ఇంజిన్ అరుస్తోంది, కారు కదలట్లేదు. గేరు లైటు వెలిగింది, కారు న్యూట్రల్‌లోకి పోయింది, ఇక ఏ గేరూ పడలేదు. వెనక హారన్లు, లోపల కాలిన వాసన. పక్కనున్నవాళ్లు తోసి ఓ పక్కకు చేర్చారు, వాళ్లకు దండం.

అక్కడి నుంచే సెల్లర్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక జరిగింది మొత్తం విన్నాడు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "ప్యాడిల్ కారు నడపడం అందరికీ రాదు సార్. ఆటోమేటిక్ అనుకుని నడిపితే ఇలాగే అవుతుంది" అన్నాడు. ఆటోమేటిక్‌లా పోతుందని చెప్పి అమ్మిన అదే నోటితో. రోడ్డు పక్కన టో ట్రక్కు కోసం నిలబడ్డ మనిషితో మాట్లాడే మాటా ఇది?

మెకానిక్ గేర్ బాక్స్ దించాడు. క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. క్లచ్ ప్లేటు రాసుకునే ఇంజిన్ చక్రం, ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు. ఇది కొద్దిరోజుల నడకకు వచ్చే అరుగుదల కాదని ఆయన ప్లేటు చేతికిచ్చి చూపించాడు. మరి స్కానర్ చూపించిన అంకె? ఆయన వివరించాడు. కొత్త క్లచ్ వేసినప్పుడు అది పూర్తిగా పట్టిన స్థానాన్ని కంప్యూటరులో నమోదు చేస్తారు. ప్లేటు అరిగేకొద్దీ ఆ స్థానం జరుగుతుంది, జరిగిన దూరాన్ని బట్టి అరుగుదల శాతం లెక్కగడుతుంది. ఎవరైనా కొత్త క్లచ్ వెయ్యకుండా, అరిగిన ప్లేటు ఉన్న స్థానాన్నే కొత్తదని నమోదు చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. స్కానర్ చేతిలో ఉంటే చాలు, కారు కింద పడుకోనక్కర్లేదు. నాకు చూపించిన స్కానర్ ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పాలా?

మళ్లీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఈసారి వెంటనే ఎత్తాడు, జవాబు కూడా సిద్ధంగా ఉంది. "స్కానర్ చూపించింది నేను చూపించాను సార్. లోపల ఏముందో నేనేమన్నా విప్పి చూశానా?" అని పెట్టేశాడు. డబ్బు సంగతి తర్వాత, ఆ గొంతులోని తేలికదనమే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. క్లచ్ గురించి అడిగిన మనిషికి ఒక అబద్ధం చెప్పడం వేరు, ఆ అబద్ధాన్ని ముందే తయారుచేసి స్క్రీన్ మీద పెట్టి, ఫొటో తీసుకో అని చెప్పడం వేరు. సేల్ కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా" అన్న లైను కూడా ఉందని కాసేపటికి మెసేజ్ పెట్టాడు. కాగితంలో ఆ లైను ఉంది. కానీ ప్రకటనలో "డ్యూయల్ క్లచ్" అని రాసింది కూడా ఆయనే, దాని స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. నేను వదిలిపెట్టను.

మాన్యువల్ కొనాలా, ప్యాడిల్ కొనాలా అని ఊగిసలాడుతున్నవాళ్లకు నా మాట ఒకటే. ముందు ఆ ప్యాడిళ్ల వెనక ఏ గేర్ బాక్స్ ఉందో తేల్చుకోండి, పోలిక తర్వాత. సెల్లర్ మాట కాదు, ఛాసిస్ నంబరు బట్టి కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పేది నమ్మండి. క్లచ్ మార్చామంటే విడిభాగాల బిల్లు, అందులో కిలోమీటర్ రీడింగ్ అడగండి. బిల్లు లేని శాతానికి విలువ లేదు. స్కానింగ్ మీ మెకానిక్ చెయ్యాలి, మీ పరికరంతో. కారు చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ఈ రకం కార్లు చాలావాటిలో డ్రైవర్ డోరు తియ్యగానే హైడ్రాలిక్ పంపు కాసేపు తిరిగి ఆగుతుంది. ఆగకుండా తిరుగుతుంటే, ఊరికే ఉన్న కారులో మాటిమాటికీ మొదలవుతుంటే ప్రెజర్ నిలవట్లేదని అనుమానించాలి. ఎత్తు మీద ఆపి కదిలించండి, రివర్స్ చెయ్యండి, వద్దంటే అక్కడి నుంచి వచ్చేయండి. పై గేరులో తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఈ ఒక్క పరీక్ష మాన్యువల్‌కీ పనికొస్తుంది. ప్యాడిల్ కారైతే మాన్యువల్ మోడ్‌లో పెట్టి చూడండి, లేకపోతే అదే కింది గేరుకి దిగిపోతుంది.

నిజం డ్యూయల్ క్లచ్ కొంటున్నవాళ్లు కూడా ఆయిల్ మార్పు రికార్డు చూడండి. ఫోక్స్‌వ్యాగన్ తన డ్యూయల్ క్లచ్‌కి పెట్టుకున్న పేరు డీఎస్‌జీ, అందులో ఆరు గేర్లదానికి ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి, చాలామంది దాటేస్తారు.

ఆ సెల్లర్ నిన్న ఇంకో కారు పెట్టాడు. అదే మోడల్, వేరే రంగు, ప్రకటనలో మళ్లీ అదే "డ్యూయల్ క్లచ్". ఆ మోడల్‌కి డ్యూయల్ క్లచ్ ఎప్పుడూ రాలేదు. చూడ్డానికి వెళ్తున్నవాళ్లుంటే అడ్వాన్సు ఇచ్చేముందు నాకు మెసేజ్ పెట్టండి. ఆయన చూపించిన స్క్రీన్ ఫొటో, విప్పిన ప్లేటు ఫొటో రెండూ పంపిస్తాను.