గుణుపురం పత్తి మిల్లులో ఏఐ: రెండు సీజన్లు వాడాక

మా మిల్లు ఆఫీసులో వాడే ఏఐ చాట్‌బాట్ మీద నాకు ప్రేమే ఉంది, ముందే చెప్పేస్తున్నాను. కారణం ఒక్కటే. ఇది నాకు ఒడియా చదివి పెడుతుంది.

పార్వతీపురం వైపు నుంచి ఒడిశాలోని ఈ గుణుపురం వచ్చి పన్నెండేళ్లయింది. ఒడియా మాట్లాడతాను, బేరాలాడతాను, అవసరమైతే దెబ్బలాడతాను కూడా. చదవడం మాత్రం రాదు. ఇక్కడి తెలుగువాళ్లలో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. తెలుగు బడిలో చదువుకుని వచ్చాం, పొట్టకూటి కోసం మాట నేర్చుకున్నాం, అక్షరాల దగ్గర ఆగిపోయాం. ఏ ఆఫీసు నుంచైనా ఒడియాలో ఉత్తరం వస్తే పక్క టేబుల్ వాళ్లను అడగాలి. వాళ్లు పనిలో ఉంటే సాయంత్రం దాకా ఆ కాగితం నా ముందే పడి ఉండేది, లోపల ఏముందోనని టెన్షన్. అలాంటిది ఒకరోజు కాగితాన్ని ఫొటో తీసి ‘ఇందులో ఏముందో తెలుగులో చెప్పు’ అని అడిగితే, విషయమేమిటో, ఆఖరి తేదీ ఎప్పుడో, జవాబు ఎవరికి రాయాలో రెండు పేరాల్లో చెప్పేసింది. నాకు కళ్లు చెమర్చాయి.

పేరు రాయను. నెలకు రెండు వేల దాకా చందా కట్టి వాడే చాట్‌బాట్లలో ఒకటి. అది ఏమేం చేస్తుందో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ చిట్టా జోలికి వెళ్లను.

2024 వేసవిలో మా ఓనరు గారి అబ్బాయి ఆఫీసులో ఉన్న ఐదుగురికీ చందా కట్టి, ‘అన్నిటికీ వాడండి’ అన్నాడు. వాడాం. మెయిళ్లు నున్నగా తయారయ్యాయి, పండగ మెసేజ్‌లు అందంగా వచ్చాయి, పని మాత్రం అంగుళం తగ్గలేదు. మూడు నెలలు చూసి పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి ఒకే మాట అడిగారు: ‘సీజన్‌లో మీరు రాత్రి పదింటికి ఇంటికి పోతున్నది ఏ పని వల్ల?’ అందరం ఒకే జవాబు చెప్పాం. చీటీలు. దాంతో ఐదు అకౌంట్లు రెండయ్యాయి, ఏఐకి అప్పగించే పని కూడా తేలింది: చీటీలు, ఒడియా ఉత్తరాలు, అంతే.

చీటీలంటే తెలియనివాళ్ల కోసం: కలహండి, బొలాంగీర్‌లాగే మా రాయగడ కూడా ఒడిశాలో పత్తి పండే జిల్లా. నవంబరు నుంచి మార్చి దాకా ఊళ్లలో ఏజెంట్లు రైతుల దగ్గర బస్తా బస్తా తూచి, చేత్తో చీటీ రాసి, లోడు మిల్లుకు తెస్తారు. మేము వేబ్రిడ్జి మీద లారీ తూచి, తేమ చూసి, చీటీలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. రోజుకు వందకు పైగా చీటీలు, మూడు గంటల పని. నవంబరు 2024లో ఫొటోలు తీసి దానికివ్వడం మొదలుపెట్టాం. నలభై నిమిషాల్లో అయిపోయింది. నెల రోజులు నేను అందరికీ దాన్ని పొగుడుతూ తిరిగాను.

డిసెంబరులో ఒక గురువారం. మార్గశిర మాసం, మాణబసా పూజ (ఆ నెల గురువారాల్లో ఒడియా ఇళ్లలో చేసే లక్ష్మీపూజ) కోసం మా కంప్యూటర్ ఆపరేటర్ సెలవు పెట్టింది. ఆమె ఒడియా అమ్మాయి, రోజూ చీటీల మీద ఒకసారి కన్నేసేది ఆమే. ఆ రోజు చీటీల దగ్గర నేనొక్కణ్ణే. పద్దెనిమిదేళ్లుగా మా మిల్లుకే పత్తి తెస్తున్న ఒక ఏజెంటు లోడు వచ్చింది, నూట యాభై బస్తాలు. వేబ్రిడ్జి మీద నికరం 6,840 కిలోలు. ఏఐ తీసిన చీటీల మొత్తం 6,915. తేడా 75 కిలోలు. క్వింటా ఏడు వేల లెక్కన ఐదు వేలకు పైమాటే.

ఆయన్ని పిలిపించి, ‘భాయినా (అన్నా), డెబ్బయ్యైదు కిలోలు దారిలో ఎక్కడ దిగింది?’ అని అడిగాను. నలుగురు హమాలీల ముందు అడిగాను. ఆయన చీటీల కట్ట విప్పి, ‘నేను రాసిన అంకెలు నేను చదవలేనా బాబూ, కూడుకో’ అన్నారు. కూడుకోవడానికి నాకు ఒడియా అంకెలు రావు. స్క్రీన్ వైపు చూపించాను. ప్రతి చీటీ అడుగున ఆయన వేసిన మొత్తాన్ని కూడా అది చదివి పెట్టింది, అన్నీ దాని లెక్కతో సరిపోయాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ ఐదు వేలు ఆపేసి మిగతాది కట్టాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లిపోయారు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి ఒక చీటీని నా వైపు తిప్పి, ‘సార్, ఇది నలభై నాలుగు. నలభై ఎనిమిది కాదు’ అంది. ఒడియా నాలుగుకు అడుగున ఒక చుట్ట, పైన రెండు కొమ్ములు విడివిడిగా ఉంటాయి. గబగబా రాస్తే ఆ కొమ్ములు కలిసిపోయి అచ్చం మనం రాసే 8 అయిపోతుంది. పైగా ఆ కట్టలో సగం చీటీలు ఆయన కొడుకు రాశాడు, ఇంగ్లిషు అంకెల్లో. ఒకే కట్టలో రెండు రకాల అంకెలు. తండ్రి రాసిన నాలుగుల్లో కొన్నిటిని అది ఎనిమిది చేసింది. నలభై నాలుగును ఎనభై ఎనిమిది చేసి ఉంటే నేను కూడా పట్టుకునేవాణ్ణి, పత్తి బస్తా అంత బరువు ఉండదు. కానీ మొదటి నాలుగును సరిగ్గానే చదివి, రెండోదాన్ని మాత్రం మార్చింది. నమ్మేలా ఉండే తప్పులే చేసింది. అలాంటివి పద్దెనిమిది బస్తాలు, ఒక్కోటి నాలుగు కిలోలు, మొత్తం 72. మిగిలిన మూడు కిలోలు వేబ్రిడ్జి మీద మామూలే, అది పది పది కిలోల లెక్కన చూపిస్తుంది.

అడుగున ఉన్న మొత్తాల సంగతి తెలిశాక నాకు ఇంకా మండింది. ఆయన సరిగ్గా కూడి రాసిన అంకెలను కూడా ఇది తన తప్పుడు కూడికకు సరిపోయేలా చదివి చెప్పింది. తప్పు దొరకాల్సిన చోటే తప్పు దాగింది. దీని మీద నాకున్న కోపమంతా ఇదే, ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఊరు వెళ్లి, డబ్బు చేతికిచ్చి, క్షమించమని అడిగాను. టీ ఇప్పించారు. తర్వాత లోడ్లు కూడా మాకే తెచ్చారు. అయితే ఇదివరకు డ్రైవరుతో పంపేసే మనిషి, ఇప్పుడు ప్రతి లోడుకూ తనే వచ్చి నేను ఎంట్రీ ముగించేదాకా పక్కన నిలబడుతున్నారు. కూర్చోమన్నా కూర్చోరు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. చీటీ ఫొటోను రెండు ముక్కలు చేస్తాం. బస్తాల బరువులు ఒక చాట్‌లో, అడుగున మొత్తం వేరే కొత్త చాట్‌లో. ఒకదానిలో ఏముందో రెండోదానికి తెలియకూడదు. కూడిక దాన్ని చేయనివ్వం, ఎక్సెల్ చేస్తుంది. రెండూ కలవకపోతే ఆ చీటీ మనిషి చేతికి వెళ్తుంది. ఏజెంట్లకు గళ్లు అచ్చు వేసిన చీటీ పుస్తకాలిచ్చాం, ఎవరి అంకెలు వాళ్లవే, కానీ ఒక పుస్తకంలో ఒకే రకం. రైతు పేరు, బ్యాంకు ఖాతా ఉన్న భాగం ఫొటోలో రానివ్వం. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చిందన్న సంగతి ఒకటి, నా ఖాతా నంబరైతే నేను పంపించుకుంటానా అన్నది రెండోది. ఇన్ని జాగ్రత్తలతో నలభై నిమిషాల పని ఇప్పుడు గంటంబావు పడుతోంది. మూడు గంటలతో పోలిస్తే లాభమే, కానీ మొదట నేను చెప్పుకు తిరిగినంత కాదు.

ఉత్తరాల విషయంలోనూ కొంచెం వెనక్కి తగ్గాలి. అచ్చులో ఉంటే బాగా చదువుతుంది. చేత్తో రాసిన అర్జీ అయితే అర్థం కాని మాట దగ్గర ఆగదు, ఏదో ఒకటి పెట్టి నింపేస్తుంది. ఇక మా దగ్గరికి వచ్చే రైతుల్లో సవర గిరిజనులు ఎక్కువ. వాళ్లు తమ భాషలో చెప్పింది రికార్డు చేసి ఇస్తే ఇది ఏమీ పట్టుకోలేదు. పక్కనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆ రైతు ఎదురుగా కూర్చుని, తన పత్తికి తరుగు ఎందుకు తీశారో తెలియక చూస్తుంటే, ఈ యంత్రం దగ్గర ఆయనకు చెప్పడానికి ఒక్క మాట లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కొనాలా అని అడిగేవాళ్లకు: మాది సీజన్ వ్యాపారం, ఐదు నెలలు కట్టి ఏడు నెలలు ఆపేస్తాం, కాబట్టి గిట్టుబాటవుతోంది. మీ ఆఫీసులో ఒడియా చదివేవాళ్లు ఇద్దరుంటే బహుశా మీకు అక్కర్లేదు. ఒక్కరే ఉంటే పనికొస్తుంది, ఆ ఒక్కరూ రాని రోజు మాత్రం చీటీలు ముట్టుకోకండి. మేము ఇప్పుడు గురువారం లోడ్లు శుక్రవారమే ఎక్కిస్తున్నాం.

ఆ అమ్మాయి ఒడియా అంకెలు ఒక అట్ట మీద రాసి నా టేబుల్‌కు అంటించింది. అట్ట చూడకుండానే చదవగలుగుతున్నాను. అక్షరాలు ఈ వర్షాకాలంలో మొదలుపెట్టాలి.