పాత సామాన్ల కొట్టు: అమ్మడానికి వెళ్లొచ్చు, కొనేటప్పుడు కళ్లు తెరుచుకోవాలి

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంటుంది ఈ కొట్టు. బోర్డు లేదు, గుమ్మం ముందు బోర్లించిన గంగాళాలే గుర్తు. మా అత్తగారి ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశాక అటక మీది సామాను చాలావరకు ఇక్కడే అమ్మాను. కొన్ని కొన్నాను కూడా. అమ్మడానికి వెళ్లి కొనుక్కొచ్చిన మనిషివి నువ్వేనని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఇక్కడ నాకు నచ్చింది, ఇత్తడి, రాగి, కంచు విడివిడిగా తూస్తారు. వీధిలోకొచ్చే పాత సామాన్ల వాళ్లు మూడూ ఒకే గోతంలో వేసి ఇత్తడి రేటు కట్టేస్తారు. రాగీ, కంచూ ఇత్తడి కన్నా ఖరీదు కాబట్టి మనకి దెబ్బ తగిలేది వాటి దగ్గరే. ఈ కొట్టాయన ప్రతి గిన్నె అంచునీ వేలితో కొట్టి, మోత విని కంచువి పక్కన పెట్టారు. కాటా కూడా అంకెలు మనకి కనబడేలా తిప్పి పెడతారు. బిందెల అడుగున మాటు వేసిన చోట టంకం బరువు తగ్గించుకుంటానంటే కాస్త వాదన జరిగింది. చివరికి సగం సగం అనుకున్నాం.

మరచెంబు, అంటే మూత మర తిప్పి బిగించే చెంబు, బయటికి తీయగానే ఆయన ధోరణే మారిపోయింది. "ఇది కాటా మీద పెట్టకండమ్మా, దీని లెక్క వేరు" అంటూ మూత విప్పి, మళ్లీ బిగించి, తలకిందులు చేసి చూశారు. చేత్తో చేసిన మర కదా, ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు. మూత దానిదే అయి, మర అరక్కుండా ఉంటే ధర తూకాన్ని దాటిపోతుంది. ఇత్తడి రేటుకి రెట్టింపు దగ్గర ఇచ్చారు. మీ ఇంట్లో మరచెంబు ఉంటే మూత ఎక్కడుందో వెతుక్కున్నాకే బయల్దేరండి.

పేర్లు కొట్టించిన సామానుకి ధర తగ్గించరు. కానీ ఆ పేరు అరగదీయించి, పాలిష్ పెట్టించి అమ్ముతారట. మా మామగారి పేరూ 1958 అనీ చుక్కలతో కొట్టించిన పళ్లెం ఆ మాట విన్నాక ఇవ్వబుద్ధి కాక సంచిలో వేసుకుని వచ్చేశాను.

రేకు డబ్బాలకి మాత్రం ఒక రేటంటూ లేదు. పసుపు రంగు మీద చెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బా మా ఇంట్లో ఏళ్ల తరబడి బియ్యం కొలిచింది. 1937 నుంచీ వస్తున్న సరుకు, ఒకప్పుడు ఆ డబ్బా లేని వంటిల్లు తక్కువ. నాకు 150 ఇచ్చి, నా కళ్ల ముందే 700 అని చీటీ అంటించారు. గోడలకి అలంకారంగా పెట్టుకోవడానికి టిఫిన్ హోటళ్ల వాళ్లు కొంటారట. సరే, ఆయన వ్యాపారం ఆయనది.

ఇక కొనడం. గిద్ద, సోల, తవ్వ అనే పాతకాలపు కొలతపాత్రలు కలిపి సెట్టు అని చూపించారు. లీటర్లు వచ్చాక ఇవి మూలపడ్డాయి కాబట్టి ఎక్కడెక్కడివో కలిపేసి అమ్మడం మామూలే. మంచినీళ్లు అడిగి అక్కడే కొలిచాను. నాలుగు గిద్దలకి సోల నిండాలి, రెండు సోలలకి తవ్వ నిండాలి. మూడు గిద్దలకే సోల పొర్లింది. ఆయన నవ్వేసి ధర తగ్గించారు గానీ, జత కుదరని గిద్దని వదిలేసి మిగతా రెండే తెచ్చుకున్నాను.

పింగాణీ జాడీలు నాకు నచ్చలేదు. రెండింటికి బయటి గోడ మీద తెల్లగా ఉప్పు పూసింది, అంటే లోపలి మెరుపు పొర చిట్లినట్టే. అందులో ఆవకాయ పెట్టుకోలేం. గొడుగులు పెట్టుకోవడానికైతే సరే.

కొన్ని రేకు డబ్బాలు పాతవాటిలా కనబడేలా కావాలనే మాయ చేసిన కొత్తవి. వాడిన డబ్బాకి మూత అంచూ, చెయ్యి పడే చోటూ ముందు అరుగుతాయి. వీటికి నాలుగు వైపులా ఒకేలా మాసింది. నిజంగా పాతవైనా వాటిలో తినేవి పోయకండి. అప్పట్లో అతుకులకి సీసం కలిసిన టంకం వాడేవాళ్లు. నేను బొత్తాలు, దారపు ఉండలు వేసుకుంటున్నాను.

ఇత్తడి గిన్నె కొంటే లోపల కళాయి, అంటే తగరం పూత, వేయించి ఇస్తారు. ఇది వదులుకోవద్దు. కళాయి లేని గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కుతుంది. రేపు ఎల్లుండి అంటూ తిప్పించుకుంటారు గానీ పని మాత్రం శుభ్రం, మూలల్లో కూడా తగరం సమంగా పట్టింది.

మధ్యాహ్నం భోజనానికి కొట్టు కట్టేస్తారు, ఉదయమే వెళ్లండి. మనం కొంటే ఫోన్‌పే తీసుకుంటారు. మనకి ఇవ్వాల్సొస్తే మాత్రం నోట్లే, చిల్లర ఉండదు.